వేలి మందం వదులు

టెక్కలి దాటి నాలుగు మైళ్ళు వచ్చారో లేదో, మాడువాసన కూర్మమ్మ ముక్కుకు తగిలింది. పొలాల్లో ఎవరో చెత్త తగలబెడుతున్నారనుకుని కిటికీలోంచి చూసింది. పొగ ఎక్కడా లేదు. వాసన మాత్రం బండితోపాటే వస్తోంది.

"వదినా, బండి లాగడం నేదు," అన్నాడు స్టీరింగు పట్టుకున్న శివాజీ. ఆమె మరిది. మూడేళ్ళ కిందటి వరకు పడవ నడిపినవాడు. "ఎవుడో ఎనకనుంచి తాడేసి లాగుతున్నట్టుంది."

"బ్రేకు మీద కాలుంచినావేటి?"

"కాలు కిందే ఉన్నాది, సూడు."

కాలు కిందే ఉంది. పెడలు మాత్రం రాయిలా బిగుసుకుపోయింది. తొక్కితే దిగదు, వేళ్ళు దూర్చి పైకెత్తితే కదలదు. శివాజీ బండిని రోడ్డు పక్కకు తీసేలోగా అదే ఆగిపోయింది.

ఎదురుగా రోడ్డు కిందికి దిగుతోంది. దిగుడు చివర మలుపు, మలుపులో కల్వర్టు. పోయిన వానాకాలం ఆ కల్వర్టు దగ్గరే పాత బ్రేకు పట్టక బండి వరిచేలో పడింది. వెనక చేపల టబ్బులతో కూచున్న తాయారు చెయ్యి విరిగింది. ఆ రోజు నుంచి వాళ్ళ జాలరిపేటలో చేపలమ్మే ఆడవాళ్ళెవరూ ఈ బండెక్కలేదు. కూర్మమ్మ నరసన్నపేట మెకానిక్కు ధర్మారావు చేత పాత బ్రేకులు మొత్తం పీకించి, పెద్ద వ్యాను బ్రేకులు ఈ చిన్న లారీకి అమర్చించింది. ఆ తరువాత ఇంటింటికీ తిరిగి అందరినీ ఒప్పించింది. "నా మాట నమ్మండి. ఈపాలి తేడా వస్తే మరి మిమ్మల్ని ఎక్కమని అడగను," అంది. ఇవాళే మొదటి లోడు, పాతపట్నం సంతకి. వెనక ఐసు పెట్టిన చేపల టబ్బులు, వాటి మధ్య అయిదుగురు ఆడవాళ్ళు.

వాళ్ళలో పెద్దది చిన్నతల్లి ముందుగా దిగింది. బండి చుట్టూ ఒకసారి తిరిగి చూసింది.

"అప్పుడు ఆగమంటే ఆగలేదు. ఇప్పుడు ఎల్లమంటే ఎల్లడం నేదు. ఇది బండేటే కూర్మమ్మా, నా మొగుడా?"

మిగతావాళ్ళు నవ్వారు. తాయారు నవ్వలేదు. దిగి, వంకరగా అతుక్కున్న చేతిని రెండో చేత్తో పట్టుకుని, దిగుడు వైపే చూస్తూ నిలబడింది.

మొదటి లోడు కదా అని మోటారు సైకిలు మీద వెనకే వస్తున్న ధర్మారావు వచ్చి ఆగాడు. చిన్నతల్లి అప్పటికే ఐసునీళ్ళ బకెట్టెత్తి చక్రం మీద పోయబోతోంది.

"పొయ్యకు, పిన్నీ. సక్రం లోపల కాలిన ఇనప డ్రమ్ము పగిలిపోతాది."

అతను వేళ్ళు తడుపుకుని ఒక్కో చక్రం మీదా చిలకరించాడు. నాలుగు చోట్లా నీటిబొట్లు చుర్రుమన్నాయి.

"సల్లారితే అదే వదుల్తాది," అన్నాడు శివాజీ. "మెల్లగా ఎల్లిపోదుం. ఐసు కరిగిపోతంది."

"ఇలాగే ఎల్తే బ్రేకు ఆయిలు మరిగిపోతాది. అప్పుడు ఆ దిగుడులో తొక్కినా బ్రేకుండదు." ధర్మారావు జాకీ తీశాడు. "ఒక్క సక్రం కాలితే ఆ సక్రంలో తప్పు. నాలుగూ కాలినాయి."

"ఊరందరికీ ఒక్కపాలి జొరమొస్తే బావి సూడాల," అంది కూర్మమ్మ.

"అదే మరి."

ముందు చక్రాన్ని పైకెత్తి తిప్పబోయాడు. తిరగలేదు. దాని వెనకున్న చిన్న మరమేకును సడలించాడు. ఆయిలు జివ్వున చిమ్మింది. చక్రం తిరిగింది.

"తొక్కినప్పుడు ఎల్లిన ఆయిలు ఎనక్కి రావడం నేదు. దారి మూసుకుపోనాది."

"పెద్ద బండి సామాను సిన్న బండికెడితే మరేటౌతాది?" అంది చిన్నతల్లి. "అత్త గాజులు కోడలికి తొడిగినట్టుంది పని."

ధర్మారావు ముఖం కందింది. టార్చిలైటు తీసుకుని స్టీరింగు కింద దూరాడు. చాలాసేపు బయటికి రాలేదు. టబ్బుల్లోంచి ఐసునీళ్ళు కారి రోడ్డు మీద మడుగు కడుతున్నాయి. అటుగా వచ్చిన ఆటోని తాయారు చెయ్యెత్తి ఆపింది.

ధర్మారావు బయటికొచ్చాడు.

"పెడలు కడ్డీకీ దాని నట్టుకీ కలిపి ఎర్ర రంగు గీత ఎట్టినాను. ఆ గీత రెండు ముక్కలైపోనాది. ఎవులు తిప్పినారు?"

శివాజీ వదిన వైపు చూశాడు.

కూర్మమ్మ పెడలు వైపు చూసింది. నిన్న సాయంత్రం బండికి పసుపు రాసి, డ్రైవరు సీట్లో కూచుని, పెడల్ని అరచేత్తో నొక్కి చూసింది. వేలి మందం దిగాక గాని అది పట్టలేదు. ఆ కాస్త ఖాళీ చేతికి తగలగానే కల్వర్టు గుర్తొచ్చింది. చనిపోయిన భర్త మాట గుర్తొచ్చింది: తాడు వదులైతే పడవ కెరటానిదే. చుక్కాని తాడు రోజూ తన చేత్తో బిగించనిదే ఆయన సముద్రం మీదికి వెళ్ళేవాడు కాదు. "వదులుందిరా, బిగించీ," అంది మరిదితో. వాడూ పడవవాడే. ఎందుకని అడగలేదు.

"ఎవులూ తిప్పలేదు," అన్నాడు శివాజీ, నేల చూస్తూ.

"విన్నావా మేస్త్రీ?" అంది చిన్నతల్లి. "నీ తప్పు ఇంకోల మీదికి తొయ్యకు. ఒలే, టబ్బులు ఆటోలోకి ఎక్కించండే."

ధర్మారావు పానాలు సంచీలో వేసుకోవడం మొదలుపెట్టాడు. "నిజం సెప్పకపోతే మొత్తం ఇప్పి సూడాల. రోడ్డు మీద అయ్యే పని కాదు."

కూర్మమ్మ నోరు మూసుకుంటే నింద ధర్మారావు మీద పడుతుంది. నోరు విప్పితే తన మాటకు ఇక పేటలో విలువుండదు. మొదటి టబ్బు ఆటో ఎక్కుతోంది.

"నానే తిప్పించినాను," అంది కూర్మమ్మ. "ఆడికి సెప్పింది నానే. రెండు సుట్లు. వదులుందని బయమేసింది."

టబ్బు మోస్తున్నవాళ్ళు అలాగే నిలబడిపోయారు.  

ధర్మారావు సంచీ కింద పెట్టాడు. "ఆ వదులు నానే ఉంచినానమ్మా. నువ్వు కాలు తీసినాక ఆయిలు ఎనక్కొచ్చేది ఆ సందులోనే. అది నేకపోతే కాలు తీసినా బ్రేకుకి తెల్దు."

అతను మళ్ళీ లోపలికి దూరి నట్టును రెండు చుట్లు వెనక్కి తిప్పి, చక్రం దగ్గరి మరమేకు బిగించి, కారిన ఆయిలు నింపాడు. చక్రాలు చల్లారేదాకా అందరూ నీడ లేని రోడ్డు మీదే నిలబడ్డారు. తరువాత అతను కూర్మమ్మ చెయ్యి పెడలు మీద పెట్టించాడు. వేలి మందం దిగింది, పట్టింది. చెయ్యి తీస్తే పైకొచ్చింది.

"మీరు ఎక్కద్దు," అంది ఆమె ఆడవాళ్ళతో. "నానూ శివాజీ బండితో ఈ దిగుడు దిగుతాం. కల్వర్టు ముందర ఆగితే రండి. ఆగకపోతే ఆటో ఉండనే ఉన్నాది."

బండి దిగుడులోకి వెళ్ళింది. శివాజీ తొక్కి వదిలాడు, మళ్ళీ తొక్కి వదిలాడు. కూర్మమ్మ రోడ్డు చూడలేదు, పెడల్నే చూసింది. దిగిన ప్రతిసారీ అది పైకొచ్చింది. మలుపు దగ్గర శివాజీ గట్టిగా తొక్కాడు. కల్వర్టు గోడకు రెండు బారల ఇవతల బండి నిలబడింది.

ఆమె దిగి నాలుగు చక్రాల మీదా చెయ్యి పెట్టి చూసింది. వెచ్చగా ఉన్నాయి, అంతే.

పైనుంచి ఆడవాళ్ళు టబ్బు మోసుకుంటూ దిగి వస్తున్నారు. చిన్నతల్లి గొంతు ముందే వినిపించింది.

"ఒలే కూర్మమ్మా, మరెప్పుడైనా ఏదైనా బిగించాలనిపిస్తే నీ జుట్టుముడి బిగించుకో."

కూర్మమ్మ బండి వెనక ఎక్కి చెయ్యి చాచింది. తాయారు ఒక క్షణం కల్వర్టు వైపు చూసి, వంకర చేతినే అందించింది.