తుడిచేసిన అడుగులు

మా కొండ ఊరు అయిత్ ఇగ్రాన్‌లో ఎవరైనా కోతలు కోస్తే, "ఏం, చిరుతను చూసొచ్చావా?" అని అడుగుతారు. ఆ మాట ఊరికే పుట్టలేదు. సరుకులు తోలే బీహీ ఒకసారి కంచరగాడిదంత చిరుతను చూశానని చెట్టెక్కి కూర్చున్నాడు. తీరా వెళ్లి చూస్తే అది నిజంగానే కంచరగాడిద, అదీ వాడి బావమరిదిదే. సంతలో గడ్డాలు గీసే మంగలి మూడుసార్లు చిరుతను చూశాడు. ఆ మూడుసార్లూ ఇంటికి ఆలస్యంగా వెళ్లి భార్యకు సంజాయిషీ చెప్పుకోవాల్సిన రోజులే. చివరికి పట్నం నుంచి ఎవరో అడవి ఆఫీసరు వచ్చి, టీ తాగి, ఈ కొండల్లో చిరుతలన్నవి మా తాతల కాలంలోనే పోయాయని తేల్చి చెప్పి వెళ్లిపోయాడు.

అలాంటి ఊళ్లో, ఆ వసంతంలో, ఇజ్జా చిరుతను చూశానంది.

ఇజ్జా భర్త పోయి ఆరేళ్లు. ఆమెకున్నదల్లా ముప్పై మేకలు, ఒక కుక్క. కుక్క పేరు ఇజెమ్, అంటే మా భాషలో సింహం. ఆ సింహం కోడిపుంజును చూస్తే తోక ముడుస్తుంది గానీ, నక్కల మీద మాత్రం ఎక్కడలేని రోషం. అది ఉండబట్టే ఇజ్జా ఒంటరిగా మంద కాచుకోగలుగుతోంది. మగదిక్కు లేని ఆడది కొండమీద మేకలు కాయడమేమిటని ముక్కున వేలేసుకున్నవాళ్లే, నక్కలు తమ మందల మీద పడినప్పుడు ఆ కుక్కను అరువడిగారు.

ఆ నెలలో ఊరివాళ్లవి రెండు మేకలు, ఒక గొర్రె చచ్చాయి. మూడింటికీ గొంతు దగ్గరే పళ్లు దిగాయి. మూడో దాని పక్కన ఇజెమ్ మూతి నిండా నెత్తురుతో కనిపించింది. చూసినవాడు బెన్నాసర్. వేరే ఎవరు చూసినా ఊరి సభలో వాదన జరిగేది. బెన్నాసర్ చూశాడు కాబట్టి వాదనే లేదు.

ఎందుకంటే బెన్నాసర్ మా గడ్డి పెద్ద. ఊరి పైన మా అగ్దాల్, అంటే ఊరుమ్మడి గడ్డి బీడు ఉంది. మంచు కరిగింది మొదలు గడ్డి గింజ కట్టేదాకా ఆ బీడు మూసి ఉంటుంది. మనిషైనా గొర్రైనా రాళ్ల గీత దాటడానికి లేదు. దాటినవాడు ఒక పొట్టేలును ఇచ్చుకోవాలి. దాన్ని కోసి ఇంటికో వాటా పంచుతారు. తన గొర్రె తప్పిపోయి లోపలికి పోతే సభకు చెప్పి, ఇద్దరు సాక్షులను వెంటబెట్టుకుని తెచ్చుకోవాలి. ఆఖరికి గడ్డి పెద్ద కూడా గీత బయట నడవాల్సిందే. మూడేళ్లుగా ఆ పని చేస్తున్న బెన్నాసర్ ఒక్కరినీ వదల్లేదు. చంకెడు గడ్డి కోసినందుకు పిల్లనిచ్చిన అత్త తూదా దగ్గర కూడా పొట్టేలు వసూలు చేశాడు. ఆనాటి నుంచి ఆవిడ అల్లుడికి చక్కెర లేని టీ పోస్తోంది. రెండేళ్లయింది. ఆయనా కిమ్మనకుండా తాగుతూనే ఉన్నాడు.

మందను తినే కుక్కను అగ్దాల్ తెరవకముందే చంపేయాలి. అది మా కట్టుబాటు. జుమ్మా నమాజు అయ్యాక ఇజెమ్‌ను సభకు తీసుకురావాలని పెద్దాయన మూజాన్ కబురు పంపాడు. చచ్చిన గొర్రెను తినడానికి పోయిందే గానీ చంపింది అది కాదని, గీత అవతల సరివి చెట్ల కింద తాను చిరుతను చూశానని ఇజ్జా నెత్తీనోరూ కొట్టుకుని చెప్పింది. విన్నవాళ్లంతా పొట్ట చెక్కలయ్యేలా నవ్వారు. కుక్క పోతే ఆమె మంద నిలవదు. మంద పోతే పట్నంలో అక్క ఇంట్లో గిన్నెలు తోముకోవడమే మిగులుతుంది. ఆ సంగతి నవ్విన వాళ్లకూ తెలుసు.

సోమవారం మధ్యాహ్నం బెన్నాసర్ పొట్టేలు కనిపించలేదు. కొమ్ములు రెండు చుట్లు తిరిగిన పొట్టేలది. సొంత బిడ్డలకు తలదువ్వని మనిషి దానికి మాత్రం రోజూ ఉన్ని దువ్వేవాడు. జాడ చూసుకుంటూ పోతే గిట్టల గుర్తులు నేరుగా రాళ్ల గీత దాటి లోపలికి వెళ్లాయి. బెన్నాసర్‌కు తల కొట్టేసినట్టయింది. సభకు వెళ్లి నా పొట్టేలే అగ్దాల్‌లో మేస్తోందని ఏ నోటితో చెప్పాలి? అత్త ఏమంటుందో ఊహించుకుంటేనే చెవులు వేడెక్కాయి. అటూ ఇటూ చూశాడు. ఎవరూ లేరు. చెప్పులు విప్పి చేత పట్టుకున్నాడు, కాళ్లదాకా ఉన్న జెల్లాబా అంగీ ఎగదోసుకున్నాడు, గీత దాటాడు.

పై లోయలో ఊట దగ్గర పొట్టేలు దొరికింది. కానీ అది మేయడం లేదు, నీళ్లు తాగడం లేదు, కదలకుండా నిలబడి ఉంది. దాని చూపు ఎటుందా అని బెన్నాసర్ తలెత్తాడు.

రాయి విసిరితే తగిలేంత దూరంలో, బండమీద, చిరుత పడుకుని ఉంది. కోసిన బార్లీ పొలం రంగు ఒళ్లు, దానిమీద నల్లటి గుండ్రాలు. చెయ్యంత లావు తోక బండ మీంచి కిందికి వేలాడుతోంది. బెన్నాసర్‌కు ప్రార్థన చేద్దామంటే మొదటి మాట గుర్తుకు రాలేదు. అంతలో ఆ తోక చివరను వెనక నుంచి ఏదో పట్టుకుని లాగింది. చూస్తే పిల్ల! ఇంకా కాళ్లు సరిగా నిలవని కూన, తల్లి తోకను కొరుకుతూ బోర్లా పడి, మళ్లీ లేచి కొరుకుతోంది. భయంతో వణుకుతున్నవాడు కాస్తా, తనకు తెలియకుండానే నవ్వాడు.

తల్లి ఆయన వంక చూసింది. కోపం లేదు, తొందరా లేదు. దిగి వచ్చి, కూనను మెడ దగ్గర కరచుకుని, ఊట పక్క బురదలో నాలుగు అడుగులు వేసి, చీలికలోంచి పైకి వెళ్లిపోయింది. బురదలో దాని అడుగులు టీ సాసర్లంత పడ్డాయి.

బెన్నాసర్‌కు ఒళ్లు తెలిసేసరికి పొట్టేలు కొమ్ము చేతిలో ఉంది. మొదట వచ్చిన ఆలోచన చిరుత గురించి కాదు, తన పాదాల గుర్తుల గురించి. ఎవరైనా చూస్తే పరువు మట్టిలో కలుస్తుంది. సరివి కొమ్మ ఒకటి విరిచి, ఊట దగ్గర మొదలుపెట్టి వెనక్కి నడుస్తూ, నేలంతా నున్నగా ఊడ్చుకుంటూ రాళ్ల గీత దాకా వచ్చాడు. గీత దాటి, కొమ్మ విసిరేసి, చెప్పులు వేసుకుంటుంటే అప్పుడు తట్టింది. తన అడుగులతో పాటు దాని అడుగులు కూడా ఊడ్చేశాడు! అక్కడే చతికిలబడ్డాడు. ఇంత తెలివితక్కువ పని ఊళ్లో బీహీ కూడా చేసి ఉండడు. ఏదైనా ఒక్క గుర్తు మిగిలిందేమోనని ఆశపడే వీలు కూడా లేకుండా, ఆ సాయంత్రం వడగళ్లు పడ్డాయి.

మూడు రోజులు బెన్నాసర్‌కు తిండి సహించలేదు. కుక్కే కదా అనుకున్నాడు. నేను చూసినదే చెప్పాను, అబద్ధం చెప్పలేదు కదా అనుకున్నాడు. ఇప్పుడు చెబితే కుక్కను కాపాడినట్టూ కాదు, రుజువు లేదు, ఉన్న మర్యాద పోవడం తప్ప ఒరిగేదేమీ లేదని కూడా అనుకున్నాడు. అనుకోవడానికేం, ఎన్నయినా అనుకోవచ్చు. కళ్లు మూసుకుంటే మాత్రం తోక కొరుకుతున్న ఆ కూనే కనిపించేది.

గురువారం ఇజ్జా ఇంటి మీదుగా పోతుంటే, ఆమె వాకిట్లో కూర్చుని కుక్క బొచ్చులోంచి పల్లేరుకాయలు ఏరుతోంది. రేపు చావబోయే కుక్కకు ఈరోజు ముళ్లు తీస్తోందే అని ఆయన అడుగు పడలేదు. ఇజెమ్ తోకాడించింది. ఇజ్జా తలెత్తకుండానే మాట్లాడింది.

"నీమీద నాకు కోపం లేదన్నా. నువ్వు చూసింది నువ్వు చెప్పావు, నేను చూసింది నేను చెప్పాను. నీకు పదవుంది కాబట్టి నమ్మారు. నాకు కుక్కుంది కాబట్టి నమ్మలేదు."

బెన్నాసర్ తన దారిన వెళ్లిపోయాడు.

శుక్రవారం నమాజయ్యాక మసీదు ముందు మగవాళ్లంతా వలయంగా కూర్చున్నారు. ఆడవాళ్లు ఎప్పటిలాగే మిద్దెల మీద. ఇజ్జా కుక్కను తాడుతో పట్టుకుని వచ్చింది. అందరినీ చూసి పండగేమో అనుకున్నట్టుంది అది, ఒక్కొక్కరి దగ్గరికీ పోయి మూతి పెడుతోంది. మూజాన్ నోరు తెరవకముందే బెన్నాసర్ లేచాడు. పొట్టేలును వెంట తెచ్చుకున్నాడు, ఎందుకో ఎవరికీ అర్థం కాలేదు.

జరిగింది జరిగినట్టు చెప్పాడు. చిరుత అన్న మాట రాగానే సభ గొల్లుమంది.

బీహీ లేచి, "కంచరగాడిదంత ఉందా బెన్నాసర్?" అన్నాడు. ఇన్నేళ్లకు వాడికి అవకాశం దొరికింది, ఎందుకు వదులుకుంటాడు!

అడుగుల గుర్తులేవని ఎవరో అడిగారు. ఊడ్చేశానన్నాడు. నవ్వు రెట్టింపైంది. మూజాన్ ఒక్కడే నవ్వలేదు. కర్రతో నేలమీద రెండుసార్లు కొట్టి, అందరూ తగ్గాక, నెమ్మదిగా అడిగాడు.

"చిరుత సంగతి తరవాత. నువ్వు గీత దాటావా?"

"దాటాను."

"సాక్షులు లేకుండా?"

"చెప్పులు చేత పట్టుకుని, దొంగలాగ దాటాను తాతా. ఇదిగో పొట్టేలు. గడ్డి పెద్ద కర్ర కూడా ఇదిగో." కర్ర మూజాన్ కాళ్ల దగ్గర పెట్టాడు. పొట్టేలు తాడు వదలడానికి మాత్రం ఆయన వేళ్లు కాసేపు మొరాయించాయి. "ఆ కుక్కను నేనే దోషిని చేశాను. నా మాట తప్పు."

నవ్వులు ఆగిపోయాయి. అయినా ఎవరూ ఏమీ తేల్చుకోలేకపోయారు. ఒకరి మొహం ఒకరు చూసుకుంటుంటే మిద్దె మీంచి తూదా గొంతు వినిపించింది.

"ఏమయ్యా, మీకు బుర్రలున్నాయా? చంకెడు గడ్డికి అత్తనే వదలని మనిషి వీడు. లేని చిరుత కోసం ఆ పొట్టేల్ని వదులుతాడా?"

సభలో అంతవరకు ఎవరూ అంత మంచి రుజువు తేలేదు. మంగలి చిరుతను చూసినందుకు ఏమైనా పోగొట్టుకున్నాడా? బీహీ పోగొట్టుకున్నాడా? ఇన్నాళ్లూ ఊళ్లో చిరుతను చూసినవాళ్లందరికీ చూడటం వల్ల ఏదో ఒక లాభమే. చూసినందుకు కర్ర, పొట్టేలు, పరువు మూడూ పోగొట్టుకుంటానని లేచినవాడు ఇతనొక్కడే. మూజాన్ ఇజ్జా వైపు తిరిగి, "తాడు విప్పమ్మా" అన్నాడు. ఇజ్జా విప్పలేకపోయింది. అంతసేపు రాయిలా నిలబడ్డ మనిషికి అప్పుడు ఏడుపు ముంచుకొచ్చింది. బెన్నాసరే వెళ్లి ముడి విప్పాడు.

తుపాకులు తీసుకుని పోదామని ఇద్దరు ముగ్గురు అన్నారు. పిల్ల తల్లిని కాల్చే మొనగాడెవడో ముందుకు రమ్మన్నాడు మూజాన్. ఎవరూ రాలేదు. అప్పుడు తీర్పు చెప్పాడు. అగ్దాల్ సోమవారం తెరుస్తారు, కానీ పై లోయను తెరవరు. అక్కడ కొత్త గీత పెడతారు. ఎవరి మేకనైనా చిరుత తింటే ఊరంతా కలిసి మేకకు మేక ఇస్తారు. ఇక కొత్త గడ్డి పెద్ద ఇజ్జా. ఆడదానికి కర్ర ఏమిటని గొణిగినవాళ్లున్నారు. మొదట చూసింది ఆవిడే, గీత దాటకుండా చూసింది కూడా ఆవిడేనని పెద్దాయన అనేసరికి గొణుగుడు ఆగింది.

పొట్టేలును కోశారు. ఊళ్లో పొయ్యిలు ముప్పై ఒకటి, వాటాలు ముప్పై రెండు వేశారు. ముప్పై రెండోది ఇజెమ్‌ది. దాన్ని బెన్నాసర్ తన చేత్తో తీసుకెళ్లి పెట్టాడు. ఆ కుక్క ఏ పగా లేకుండా తిని, ఆయన వేళ్లు కూడా నాకింది. తన వాటా మాత్రం ఆయన ముట్టలేకపోయాడు. భార్య బతిమాలింది, పిల్లలు తిన్నారు. సాయంత్రం అత్త పిలిచి టీ పోసింది. మొదటి గుక్కకే బెన్నాసర్ తలెత్తి చూశాడు. చక్కెర ఉంది. ఆవిడేమో అటు తిరిగి రొట్టెలు కాలుస్తోంది.

ఆ వేసవంతా ఇజ్జా కర్ర పట్టుకుని కొత్త గీత వెంట తిరిగింది. బెన్నాసర్‌కు మనసాగేది కాదు, ఏదో ఒక వంకతో అటు వచ్చి, మళ్లీ కనిపించిందా అని అడిగేవాడు. "నేను బయటే కదన్నా నడిచేది, ఎలా కనిపిస్తుంది?" అనేది ఇజ్జా. తరవాత ఆయన కాళ్ల వంక చూసి, "చెప్పులున్నాయి కదా, సరే వెళ్లు" అనేది. చిరుత రెండు మేకలను తీసుకుంది. ఊరు రెండు మేకలను ఇచ్చింది. ఎవరూ దాన్ని చూడలేదు, ఎవరూ గీత దాటలేదు. పట్నం వైపు ఊళ్లలో మాత్రం, అయిత్ ఇగ్రాన్ వాళ్లు లేనిదానికి కాపలా కాస్తున్నారని నవ్వుకున్నారట. నవ్వుకోనీ.

మొదటి మంచు పడిన పొద్దున ఇజ్జా ఇంటింటి తలుపూ తట్టింది. అందరూ గీత దగ్గరికి వెళ్లారు, మోకాళ్ల నొప్పి ఉన్న తూదాతో సహా. గీత అవతల, ఎవరూ తొక్కని మంచులో, లోయలోంచి దిగి వచ్చిన పెద్ద అడుగులు, వాటి పక్కనే వాటికన్నా కొంచెం చిన్నవి. రెండు వరుసలూ రాళ్ల దాకా వచ్చి, ఆగి, మళ్లీ పైకి తిరిగి వెళ్లాయి. బీహీ తలపాగా తీసి చేత పట్టుకున్నాడు. బెన్నాసర్ కళ్లు తుడుచుకుంటూ, కూన ఎంత ఎదిగిందో, ఎంత ఎదిగిందో అని పదేపదే అంటున్నాడు.

పక్కనే సరివి చెట్లున్నాయి. ఈసారి ఎవరూ కొమ్మ విరవలేదు.