అద్దం మీద ఊపిరి

అద్దం మీద గుండ్రంగా ఊపిరి.

చిన్న ఊపిరి. తొమ్మిదేళ్ల పిల్ల ముక్కు ఆనించి వదిలిన ఊపిరి.

అందులో వేలితో రెండు కళ్లు పెట్టింది యోలా. వంకరగా ఒక మూతి పెట్టింది.

"మామయ్యా, ఇది నువ్వే!"

నవ్వింది.

కింద లోయలో, నారింజ తోటల ఉక్కలో పెరిగిన నవ్వు. నిన్న రాత్రే బస్సు దిగిన నవ్వు. ఎత్తు కొండల్లోని లా పాజ్ నగరం చలి ఇంకా తగలని నవ్వు.

తీగకు వేలాడే గాజు పెట్టె, కొండ మీది ఇంటి నుంచి ఊళ్లోకి వాళ్లిద్దర్నీ దించుతోంది. పెట్టె ఎక్కగానే లోపలున్నవాళ్లకి శుభోదయం చెప్పాలి. అక్కడి మర్యాద అది. ఆ పొద్దున పెట్టె ఖాళీ.

"చెప్పవే కోడలా, శుభోదయం."

"ఎవరికీ? ఎవరూ లేరుగా!"

"నీకు కనబడట్లేదంతే. శ్మశానం దగ్గర ఎక్కారు. టిక్కెట్టు కొనరు, పైగా కిటికీ పక్కన సీటు వాళ్లకే కావాలి."

యోలా ఖాళీ సీటుకేసి చూసింది. తల వంచింది. "శుభోదయం తాతగారూ..."

మామయ్య ఫెర్మిన్ పొట్ట పట్టుకుని నవ్వాడు.

ఫెర్మిన్ అంతే. సొంత పెళ్లిలో బావమరిది బూట్లలో ఉడికిన బంగాళాదుంపలు కుక్కినవాడు. చర్చి ఫాదరు గారి గొడుగులో పిండి పోసినవాడు. అన్నీ నవ్వులాటకే.

నవ్వులాటకే...

ఊళ్లో పావురాలు. పావురాలకి పైన, మేడ నుదుట గడియారం — ముళ్లు ఎడమకు తిరిగే గడియారం.

"చూశావా? ఇక్కడ కాలం వెనక్కి నడుస్తుంది. సాయంత్రానికి నీకు ఎనిమిదేళ్లే."

రోడ్డు దాటించే చారల గుర్రం వేషం మనిషిని చూపించి, "మీ అత్తయ్య తమ్ముడు. దణ్ణం పెట్టు," అన్నాడు. పిల్ల పెట్టింది. చారల గుర్రం తిరిగి పెట్టింది. కూర కుక్కిన కజ్జికాయలాంటి వేడి సల్తేన్యా కొరికితే రసం మోచేతి దాకా కారింది. యోలా నాకేసింది. నవ్వింది. రోజంతా నవ్వింది.

తిరుగు ప్రయాణంలో గాలి లేచింది.

పెట్టె ఊగింది. కింద శ్మశానం. గోడల నిండా అరలు. అర అరకీ అద్దం తలుపు. ప్రతి అద్దం వెనకా ఎండిన పూలు, ఒక పేరు. వాలిన ఎండకి అద్దాలన్నీ ఒక్కసారి మెరిశాయి — పైకి చూస్తున్నట్టు.

"తాడు తెగిందోయ్!" అని అరిచాడు ఫెర్మిన్.

దబ్బున కిందపడ్డాడు. నాలుక బయటపెట్టాడు. కళ్లు మూశాడు.

యోలా నోట ఒకే ఒక్క కేక.

తర్వాత ఏమీ లేదు.

నవ్వు కోసం చూశాడు. రాలేదు. ఒక కన్ను తెరిచాడు. యోలా అతన్ని చూడటం లేదు. కిందికి చూస్తోంది. ఏదో జారిపడితే చూసినట్టు.

ఇంట్లో కిటికీ దగ్గర కూర్చుంది. సూప్ ముట్టలేదు. పిలిస్తే పలకలేదు. అద్దానికి ముక్కు ఆనించింది.

అద్దం తేటగానే ఉంది.

ముందు చూసింది అత్తయ్య హిలారియానే. పిల్ల చెయ్యి పట్టుకుంది. చన్నీళ్లలోంచి తీసినట్టున్న చెయ్యి. మొగుడి వైపు తిరిగింది.

"ఏం చేశావు?"

"నవ్వులాటకే..."

"నీ నవ్వులాట తగలెయ్య! పిల్ల జడుసుకుందయ్యా. దాని అజాయు అక్కడే రాలిపోయింది. ప్రాణం అక్కడుంది, ఒళ్లు ఇక్కడుంది. ఇలాగే వదిలేస్తే ముందు ఆకలి పోతుంది, ఆపైన పిల్లే పోతుంది. మీ అక్కకి ఏం చెబుతావు?"

ఎర్ర ఊలు టోపీ తెచ్చి ఫెర్మిన్ చేతిలో కుక్కింది. చెవులు మూసే టోపీ. యోలాది.

"జడిపించిన గొంతే పిలవాలి. పొద్దుగుంకక ముందే పో. పేరు పెట్టి పిలువు. టోపీలోకి రమ్మను. వచ్చేప్పుడు వెనక్కి చూడకు. ఇంటికొచ్చినా చూడకు, అది నవ్వేదాకా చూడకు."

తలుపు దగ్గర ఆగింది. గొంతు తగ్గించింది.

"నీ మాట నమ్మి వస్తుందో రాదో... దేవుడికే తెలియాలి."

మళ్లీ గాజు పెట్టె. మళ్లీ గాలి. ఒక్కడే.

కింద అద్దాల అరలు నల్లబడుతున్నాయి.

"యోలా... రామ్మా. మామయ్యనే."

సొంత గొంతు అతనికే వేళాకోళంలా వినిపించింది.

"ఈసారి నిజమేనే. ఒట్టు."

పొద్దుట్నుంచీ అలాంటి ఒట్లు ఎన్ని పెట్టాడో.

టోపీ ఒళ్లో ఖాళీగా నోరు తెరుచుకునుంది. గాలి. తీగ కీచుమంది. గాలి. 

ఎదుటి సీటుకేసి చూశాడు. తల వంచాడు.

"శుభ సాయంత్రం," అన్నాడు మెల్లగా.

ఎదుటి అద్దం మీద ఊపిరి పూసింది.

గుండ్రంగా.

తొమ్మిదేళ్ల పిల్ల నించున్న ఎత్తులోనా... పొద్దుటి తాతగారు వంగి కూర్చున్న ఎత్తులోనా... తెలియలేదు. టోపీ మూతి రెండు చేతులతో మూశాడు. అందులో ఏదో ఉంది. బరువు కాదు. చల్లదనం.

దిగాడు. నడిచాడు. వెనక అడుగులు.

చిన్నవా? ఈడుస్తున్నవా?

వెనక్కి చూడలేదు.

ఇల్లు. కిటికీ. టోపీ పిల్ల తలకి పెట్టి, చెవుల మీదికి లాగాడు. హిలారియా శిలువ గుర్తు వేసుకుంది. ఫెర్మిన్ పిల్ల పక్కన కూలబడ్డాడు. వీపు వెనక ఎవరో నిలబడ్డట్టే ఉంది. చాలాసేపు ఉంది.

"కోడలా," అన్నాడు. "నవ్వవే."

యోలా అద్దం మీదికి వంగింది. ముక్కు ఆనించింది.

అప్పుడు... అద్దం మీద గుండ్రంగా ఊపిరి.

యోలా వేలెత్తింది.

రెండు కళ్లు, వంకరగా ఒక మూతి... ఆ వేలి కొసనే చూస్తున్నాడు ఫెర్మిన్. రెప్ప వేయడం లేదు.

వెనక్కి మాత్రం ఇంకా చూడలేదు.