నీళ్లు పోయకూడని కుండీ

“పొయ్యొద్దు! పొయ్యొద్దప్పా!”

ఫకీర్ సాహెబ్ దుమ్ముగుడ్డ పారేసి పరుగెత్తేసరికే ఆలస్యమైంది. ప్రొద్దుటూరు కాంట్రాక్టరు తను తాగగా మిగిలిన నీళ్లను వసారాలోని కుండీలో ఒంపి, పుణ్యం చేసినవాడిలా మీసం తుడుచుకున్నాడు.

“ఏంది సాయిబూ, పాపం ఎండిపోయిందని పోస్తే అరుస్తాండావు?”

“ఎండలేదప్పా. నిద్దరపోతాంది.”

కాంట్రాక్టరు కుండీని చూశాడు, సాహెబ్‌ను చూశాడు. ఇద్దరిలో ఎవరిని ముందు డాక్టరుకు చూపించాలో తేలక జీపెక్కాడు.

జమ్మలమడుగు ట్రావెలర్స్ బంగళాలో ఫకీర్ సాహెబ్‌ది ఇరవై రెండేళ్ల కాపలా. వంగిన నడుము, మోచేతుల దగ్గర చిరిగిన ఖాకీ చొక్కా. ఇన్నేళ్లలో ఆయనను నమ్మి ఎవరూ ఏదీ అప్పజెప్పలేదు. గదుల తాళాలు కూడా ఓవర్సీరు దగ్గరే. ఆర్నెల్ల కిందట, కొత్తగా ఏర్పడిన ఆంధ్ర రాష్ట్రానికి రాజధాని అయిన కర్నూలుకు బదిలీ అయిన ఇంజనీరు భార్య మాత్రం రెండు ఆఫ్రికా పూలమొక్క గడ్డలు చేతిలో పెట్టి వెళ్లింది. ఏడాదికి ఒక్క పువ్వు, మే నెలలో, ఎర్రటి బంతిలాగా. ఆకులు రాలాక మొలక కనబడేదాకా చుక్క నీరు తగలకూడదు. పూసిన రోజున కార్డు రాయించమంది.

బిందెడు నీళ్లకు పెన్న ఇసుకలో చెలమ తవ్వుకునే ఊళ్లో ఆ మాట ఎవరికి ఎక్కుతుంది? చెంబు అడుగున మిగిలినవి, బియ్యం కడిగినవి, అన్నీ మొక్కకే. ఆ దయకే ఒక గడ్డ కుళ్లిపోయింది. మిగిలింది ఇదొక్కటే.

సాహెబ్ తడిమట్టి తోడేసి పొడి ఇసుక నింపాడు. పైన గోనెపట్ట కప్పాడు. మధ్యాహ్నానికి, బంగళా ఊడ్చే వనజమ్మ ఆ గోనె మురికిగా ఉందని ఉతికి ఆరేసి, చెంబుతో కుండీ దగ్గరికి వచ్చింది.

“మ్మే! నీ చేతులు పడిపోను! దీన్ని పూయనిస్తారా లేదా?”

“పూసేది నేనూ సూడాల మామా. దప్పికైతాదేమోనని…”

“దప్పిక నాకైతాంది. అరిసి అరిసి గొంతు పోయింది. ఈడికి తే.”

ఆమె నవ్వుతూ గ్లాసులో పోసిచ్చింది. సాహెబ్ స్తంభానికి ఆనుకుని సగం తాగి, గ్లాసు పిట్టగోడ మీద పెట్టాడు. కుండీ మీద చేయి అడ్డంగా వేసి కళ్లు మూశాడు.

నాలుగు గంటలకు వనజమ్మ టీకి పిలిచింది. రెండోసారి పిలిచి భుజం తట్టింది. చేయి కుండీ మీద నుంచి జారింది.

పొద్దుగుంకే లోపల బంధువులు వచ్చి మంచం మీద తీసుకుపోయారు. వనజమ్మ వసారా ఊడ్చింది. గ్లాసు తీసి, అలవాటు కొద్దీ కుండీ వైపు వంగి, ఆగింది. బయట పారబోయడానికీ చేయి రాలేదు. ఎక్కడిది అక్కడే పెట్టేసి వెళ్లిపోయింది.

పిట్టగోడ మీద అల్యూమినియం గ్లాసు, అందులో సగం నీళ్లు, అంచున వక్కాకు నమిలిన పెదవుల ఎర్రటి మరక.