ఆక్సా వంతు పిండి

మా సెమినరీలో, అంటే ఆడపిల్లల బోర్డింగు బడిలో, పనివాళ్లు లేరు. పని మొత్తం ఆడపిల్లలమే పంచుకునేవాళ్లం. కొందరికి గిన్నెలు, కొందరికి ఇస్త్రీ. నాకూ, నా గదిలో ఉండే ఆక్సాకూ రొట్టెపిండి పడింది. ఐదింటి గంటకి లేచి, మోచేతుల దాకా పిండి పిసికి, చేతులు కడుక్కుని ప్రార్థనకి పరుగెత్తాలి. తర్వాత లాటిన్, వృక్షశాస్త్రం, వానైనా మంచైనా ఒక మైలు నడక. ఒళ్లు హూనమయ్యేది. అయినా ఆక్సా అంత సంతోషంగా ఉండే పిల్లని నేను చూడలేదు. వెర్మాంట్ కొండల్లో గొర్రెల మధ్య పెరిగింది. చదువుకి పంపమని తండ్రిని ఒప్పించడానికే రెండేళ్లు పట్టిందట.

మార్చిలో ఒక ఉదయం పిండి పిసుకుతూ పిసుకుతూ బల్లమీద తల వాల్చేసింది.

"ఏమైందే?"

"ఏం లేదు. ఇవాళ పిండికి నాకంటే బలం ఎక్కువుంది."

చెయ్యి పట్టుకుంటే సలసల కాగుతోంది. "మిస్ ట్రాస్క్‌తో చెప్తానుండు" అన్నాను. ఆవిడ మా ప్రధానోపాధ్యాయురాలు.

"చెప్పావంటే చంపేస్తా. జ్వరమంటే ఇంటికి పంపేస్తారు. వెళ్లానా, మా నాన్న మళ్లీ గుమ్మం దాటనివ్వడు. చదువు నీ ఒంటికి పడలేదు చూశావా అంటాడు. ఇక గొర్రెలకి లాటిన్ చెప్పుకోవడమే." నవ్వబోయి ఆగింది. "పరీక్షలకి ఇంక మూడు వారాలేగా ఫిలీ. బతిమాలుకుంటున్నానే."

సరేనన్నాను. మర్నాటి నుంచి నాలుగింటికే లేచి తన వంతు పిండి కూడా నేనే పిసికాను.

సాయంత్రాలు హాల్లో కూర్చుని, ఒక్కొక్కరే లేచి ఆ రోజు చేసిన తప్పు తామే చెప్పుకోవాలి. ఇంకొకరి తప్పు ఎవరూ ఎత్తరు. అది మా మర్యాద. నా వంతు వచ్చినప్పుడు, "గంట కొట్టకముందే లేచానండీ" అన్నాను.

"దాచకుండా చెప్పావు, మంచిది" అంది మిస్ ట్రాస్క్. ఎందుకు లేచావని అడగలేదు. జ్వరం ఆక్సాది, దాచడమూ ఆక్సాదే, నా తప్పు నేను చెప్పేశాను కదా అని మనసుకు సర్దిచెప్పుకున్నాను. రోజూ అదే తప్పు ఒప్పుకుని, తేలిగ్గా కూర్చునేదాన్ని.

అలా తొమ్మిది రోజులు. నడకలో ఆక్సా నా మోచెయ్యి పట్టుకుని కాళ్లీడ్చుకుంటూ వచ్చేది. "నీ రొట్టె తిని చివరి బల్లవాళ్లకి పళ్లు కదులుతున్నాయట" అని వెక్కిరించేది. పదో రోజు మెట్లమీద పడిపోయింది. డాక్టరు వచ్చి చూసి, "ఇది ఇవాళ్టిది కాదే" అన్నాడు. మిస్ ట్రాస్క్ నా వైపు చూసింది. నేను ఆక్సా బూట్లు విప్పుతూ తల ఎత్తలేదు.

రెండు రోజులకి పోయింది. మర్నాడు పొద్దెక్కాక వాళ్ల నాన్న వచ్చాడు. గడ్డంలో మంచు కరుగుతోంది.

"నువ్వేనా ఫిలీనా? ఉత్తరాల నిండా నీ పేరే ఉండేది తల్లీ." కాసేపు టోపీ తిప్పుతూ నిలబడ్డాడు. "ఎప్పుడు మొదలైంది?"

"అటుమొన్న... మెట్లమీద పడ్డప్పుడేనండీ."

"అయితే ఎవరూ చెయ్యగలిగింది లేదన్నమాట." కుర్చీలో కూలబడ్డాడు. "వాళ్లమ్మ అడుగుతుంది. నాకు నోట మాట రాదు. నువ్వు రాసివ్వమ్మా."

రాసిచ్చాను. కుదురైన అక్షరాలతో.

ఆ సాయంత్రం హాల్లో నా వంతు వచ్చింది. లేవలేదు. మిస్ ట్రాస్క్ జాలిపడి పక్కపిల్లని పిలిచింది. నాలుగో రోజున, ఇంట్లో అమ్మకి సాయం కావాలని చెప్పి నా పెట్టె సర్దుకున్నాను. చదువు అక్కడితో ఆగింది.

ఇది జరిగి నాలుగేళ్లు. ఇప్పుడు నాకు ఏడు వారాల కూతురు. పాప తుమ్మితే నాకు గుండె ఆగుతుంది. నా భర్త జోథం, "దానికి ఊపిరి ఎలా పీల్చాలో తెలుసులేవే, నువ్వు నేర్పక్కర్లేదు" అని నవ్వుతాడు.

పోయిన వారం వెర్మాంట్ నుంచి పాప కోసం చిన్న పొట్లం వచ్చింది. ఆక్సా పసితనంలో తొడుక్కున్న తెల్ల గౌను, వాళ్లమ్మ రాసిన ఉత్తరం.

"నా దగ్గరుంటే బతికించుకునేదాన్నేమో అని ఒక్కోసారి అనిపిస్తుంది తల్లీ. ఇలాంటి జ్వరాల నుంచే ఇద్దరు పిల్లల్ని లాక్కొచ్చినదాన్ని. ముందే పట్టుకోగలిగితే చాలు. అప్పుడు నీ కాగితం తీసి చదువుకుంటాను. రెండే రోజులు కదా, కబురంది నేను చేరుకునే వ్యవధే లేదు కదా అనుకుంటే నిద్ర పడుతుంది."

గౌను పాపకి తొడగలేకపోయాను. జవాబు రాయబోయి మూడు కాగితాలు చించాను. మూడింటిలోనూ "తొమ్మిది రోజులు" అన్న దగ్గరే ఆగింది చెయ్యి.

"రాశావా ఆవిడకి?" అన్నాడు జోథం భోజనానికి వచ్చి.

"రాశాను."

"ఏమని?"

"గౌను సరిగ్గా సరిపోయిందని."