సుద్దగీతల వెనక స్టూలు

బొమ్మలో అక్క మళ్ళీ చిన్నదైపోయింది. కుర్చీ కుర్చీలాగే ఉంది. అందులో ఆమె మాత్రం పెద్దవాళ్ళ కుర్చీ ఎక్కి కూర్చున్న చిన్నపిల్లలా ఉంది.

ఇన్నేళ్ళూ నేను కూజాలు, సీసాలు, ఈ ఖాళీ కుర్చీ బొమ్మలు వేసుకుంటూ గడిపాను. మనిషిని ఎదురుగా కూర్చోబెట్టుకోవడం ఇదే మొదలు. వేరే ఊరికి బదిలీ అయిన అక్క ఈ మధ్యాహ్నం బస్సుకి వెళ్ళిపోతుంది. ఆలోపు ఆమె ఉన్నదున్నట్టు కాన్వాసు మీదికి రావాలి. రాకపోతే ఈ గదిలో నాకు కుర్చీయే మిగులుతుంది.

చెయ్యి బారజాపి, ఒక కన్ను మూసి, కుంచె కాడ మీద బొటనవేలితో ఆమె తల పొడవు పట్టుకున్నాను. దానితో మెడ నుంచి ఒడి దాకా కొలిచాను. లెక్క సరిగానే వచ్చింది. అక్కకు అక్క సరిపోయింది, కుర్చీకే సరిపోలేదు.

"ఏంట్రా, కుంచె ఆపేశావు? నా ముక్కు దారి తప్పిందా?"

"మాట్లాడకే. దవడ కదులుతోంది."

"కదలని అక్క కావాలంటే ఆ కూజానే అక్కా అని పిలుచుకో."

ఆమె లేచి వచ్చి బొమ్మ చూసింది. "ఎండబెట్టి ఇంతదాన్ని చేశావురా నన్ను" అని నవ్వింది. తరవాత నేలకేసి చూసింది. "ఈ సుద్దగీతలేంటి?"

స్టూలు కాళ్ళ గుర్తులు. కుర్చీ బొమ్మ వేసినప్పుడు అక్కడ కూర్చునే కొలిచాను. కొలత నిలవాలంటే చోటు మారకూడదు. ఆ గీతలు గీసుకున్నది అందుకే. ఇప్పుడు నా స్టూలు వెనక గోడకు ఆనుకుని ఉంది. ఎవరూ జరపలేదు. ఆమె వచ్చి కూర్చున్నప్పుడల్లా నేనే కొంచెం కొంచెం వెనక్కి జరిగి ఉంటాను. అంత దూరం నుంచి కొలిస్తే ఆమె చిన్నగానే వస్తుంది. ఖాళీ కుర్చీకి మాత్రం అంత దగ్గరగా కూర్చోగలిగాను.

గుడ్డతో బొమ్మలోని ఆమెను తుడిచేసి, స్టూలును గీతల మీదికి లాగాను. అక్క మళ్ళీ కూర్చుంది. ఇక్కడికి ఆమె ఊపిరి వినిపిస్తోంది. కనుబొమలో ఒక తెల్ల వెంట్రుక ఉంది. అదెప్పుడు వచ్చిందో నాకు తెలియదు. నా వీపు గోడ కోసం వెతుక్కుంది. చెయ్యి చాపితే మోచెయ్యి వంగిపోతోంది. బిగించి నిలిపాను.

"టైమవుతోందిరా."

ఒంటికన్నుతోనే అడిగాను. "దీని తరవాత ఇంకో బస్సు లేదా?"

"రేపు పొద్దున ఉంది. నువ్వు అడుగుతావేమోనని సంచి ఇంకా సర్దలేదు."

మూసిన కన్ను తెరిచాను. పట్టుకున్న కొలత పోయింది. మళ్ళీ తల నుంచి మొదలుపెట్టాలి.

"కదలకు" అన్నాను.