ఓడ అమ్మేయమని రాసింది

గురువారాలు కెలేరా కర్రపెండలం కాస్త ఎక్కువే ఉడకేసేది. కోడలు వాసితి, సువా పట్నం బజారులో ఇనుప సామాన్ల కొట్లో లెక్కలు చూసుకుని, అక్కణ్ణుంచి కాలేజీకి పోయి పాఠం విని, వానలో తడిసిన చెప్పులతో ఇల్లు చేరేది. అంత ఆకలి మీద వచ్చిన మనిషికి డబ్బా చేపల కూర, కర్రపెండలం, పైన నిమ్మాకు టీ. పరీక్షల రోజులొస్తే గిన్నెలో ఇంకో రెండు ముక్కలు పడేవి. అవి చుట్టం కోసం.

వ్యాపారం చదువు చదివేవాళ్ళకి కేసు అని ఒకటిస్తారు. కెలేరా మొదట్లో పోలీసు కేసనుకుని హడలిపోయింది. కాదు, అది ఒక వ్యాపారం కథ. మొదటి పేజీలో యజమాని కిటికీ దగ్గర నిలబడి, ఏం చెయ్యాలో తోచక బయటికి చూస్తుంటాడు. అన్ని కేసులూ అలాగే మొదలవుతాయి, ఎవరు అలవాటు చేశారో గాని. తర్వాత పట్టికలూ లెక్కలూ ఉంటాయి. చివరికొచ్చేసరికి కథ టక్కున ఆగిపోతుంది. ఆయన ఇప్పుడేం చెయ్యాలో చదివినవాళ్ళు రాయాలి.

రాసినన్నాళ్ళూ ఆ యజమాని వచ్చి, రాసేవాళ్ళ ఇంటి కిటికీ దగ్గర నిలబడతాడు. పక్కింటివాళ్ళు కంచె మీంచి "ఈసారి మీకు మగా, ఆడా?" అని అడుగుతారు, ఒక దుప్పటి అరువిస్తారు. కాగితాలు మాస్టారికి అందగానే చుట్టం వెళ్ళిపోయి, రాసినట్టే చేస్తాడు. దాంతో ఊళ్ళో ఒకటీ అరా అటూ ఇటూ అవుతుంది. పక్కవీధి తోరికా ఒక రొట్టెల వ్యాపారం మీద రాసింది. మర్నాటికి మూల మీద టైర్ల కొట్టుండేచోట రొట్టెల కొట్టుంది. మా తాత కాలం నుంచీ ఇక్కడే కాలుస్తున్నామని కొట్టతను పొంగిపోతూ చెప్పాడు. టైర్లు తోరికాకి ఒక్కదానికే గుర్తు. రాసినవాళ్ళు మాత్రం పాతది మరిచిపోరు. అదొక్కటే దానికున్న కష్టం.

ఈసారి వాసితికి చీటీలో పడింది దీవుల మధ్య తిరిగే ముసలి ఓడ కేసు. అందులో ఓడ పేరూ మనుషుల పేర్లూ మార్చేశారు. కేసుల్లో అది మామూలే. ఓడ అన్న మాట చూడగానే ఆమె చీటీ మడిచేసింది. వేరే చీటీ ఇమ్మని మాస్టారిని అడిగింది.

"చీటీ చీటీయేనమ్మా" అన్నాడాయన. "ఇంకోటి గుర్తుంచుకో. కేసు ఆగిన రోజు తర్వాత జరిగింది ఏదీ వాడకూడదు. తెలిసిన ముగింపుతో సలహా ఎవరైనా చెబుతారు."

ఆమె ఇల్లు చేరేసరికి చుట్టం వచ్చేసి ఉన్నాడు. కెలేరా చేతిలో గరిటె అలాగే పట్టుకుని పొయ్యి పక్కన నిలబడిపోయి ఉంది.

"చూడవే, ఎవరొచ్చారో."

కిటికీ దగ్గరున్నాయన ఇటు తిరిగాడు. రొపాటె. కొరో దీవికి తిరిగే ఓడ యజమాని. ఆ ఓడ నడిసముద్రంలో మునిగిపోయినప్పుడు, ఇంజను గదిలో ఉన్న ఇసిరేలి పైకి రాలేకపోయాడు. ఇసిరేలి కెలేరాకి కొడుకు, వాసితికి మొగుడు. ఆ తర్వాత ఈ రొపాటెయే ఆచారం ప్రకారం తిమింగలం పన్ను, చాపలు పట్టుకుని క్షమాపణకి వచ్చాడు. ఇదే గుమ్మం దగ్గర తెల్లబడ్డ తల వంచుకుని కూర్చుని ఏడ్చాడు. కెలేరా ఆ పన్ను అందుకుంది. అందుకుంటే క్షమించినట్టు.

ఇప్పుడాయన జుట్టు నల్లగా ఉంది. కేసు ఆగింది తొమ్మిదేళ్ళ కిందట. ఈయన ఇంకా ఏ తప్పూ చెయ్యలేదు.

"బులా అమ్మా. మీ ఊళ్ళో వాన దంచేస్తోందే" అని పలకరించాడు నవ్వుతూ.

కెలేరా కంచం పెట్టింది.

తింటున్నంతసేపూ రొపాటె ఓడ గురించే మాట్లాడాడు. "నడపమని లెక్కలన్నీ చెబుతున్నాయి. పోటీకి ఇంకో ఓడ లేదు. తనిఖీలో పాసైంది. కొత్త ఓడకి అప్పు చేస్తే నా నడుం విరుగుతుంది. ఇంకో ఆరేళ్ళు అతుకులేసి నడిపిస్తే చాలు. అయినా నాకెందుకో నిద్ర పట్టట్లేదమ్మా."

"మీ ఓడ మునిగిపోతుంది" అంది వాసితి. చెప్పకుండా ఉండలేకపోయింది. "మీరేసే అతుకు ఊడుతుంది. పదకొండు మంది పోతారు."

రొపాటె చెయ్యి చెవికి అడ్డం పెట్టుకుని రేకుల పైకప్పు వైపు చూశాడు. "అబ్బ, ఏం వాన! ఏమన్నావు తల్లీ?"

ఆమె ఇంకా గట్టిగా చెప్పింది. ఆయన ఇంకా పైకి చూశాడు. కేసు ఆగిన రోజు తర్వాతి సంగతి ఏది చెప్పినా చుట్టాల చెవికి వానలాగే వినబడుతుంది. అరిచి లాభం లేదు.

అప్పుడు కెలేరా మొదటిసారి నోరు విప్పింది. "మీ ఓడలో ఇంజను గదిలో ఎవరెవరున్నారు?"

"ముగ్గురు. మొన్ననే ఒక కుర్రాణ్ణి పెట్టుకున్నా, ఇసిరేలి అని. ఏం కుర్రాడో! ఇంజను మోతని మించి పాడతాడు. ఒక్క పాటా సరిగ్గా రాదు."

కెలేరా కంచంలోకి చూస్తూ అడిగింది. "అన్నం సరిగ్గా తింటాడా?"

"తింటాడానా! వంటవాడు వాణ్ణి చూస్తే మూత పెట్టేస్తాడు."

"దగ్గు ఉండేది..."

"ఉందమ్మా. మఫ్లరు చుట్టుకుని తిరుగుతాడు. వాళ్ళమ్మ అల్లిందట, చెవుల దాకా చుడతాడు."

ఆవిడ లేచి వంటింట్లోకి పోయింది. చాలాసేపు నీళ్ళ చప్పుడు వినిపించింది.

ఆ రోజు నుంచి కెలేరా చుట్టానికి చేసిన మర్యాద అంతా ఇంతా కాదు. దాలో అనే చేమదుంప, కొబ్బరిపాలలో ఉడికిన ఆకుకూర, శనివారం సంతలో కొన్న చేప. తినిపిస్తూ ఒక్కొక్క కబురూ రాబట్టేది. నిన్న ఏం పాడాడు? ఎవరితో పోట్లాడాడు? చెప్పులు కొన్నాడా? కేసులో ఆ రోజు ఒక్కటే, అది ముందుకి కదలదు. అందుకని రొపాటె చెప్పినవే మళ్ళీ మళ్ళీ చెప్పేవాడు. ఆవిడ ప్రతిసారీ కొత్తగా విని నవ్వేది.

వాసితి మాత్రం కాగితాల ముందు కూర్చునేది. నడపమని రాస్తే మంచి మార్కులొస్తాయి. ఏ పట్టిక చూసినా ఆ మాటే. అమ్మేయమని రాస్తే ఇసిరేలి బతుకుతాడు. ఆమెకి ఇంకోటి కూడా తెలుసు. ఆమె ఇసిరేలిని చూసింది ఆ ఓడలోనే, కేసు ఆగిన రెండేళ్ళకి. పెద్దమ్మ చావుకి కొరో వెళ్తూ, వాంతులతో మూల ముడుచుకుని ఉంటే, నూనె చేతులతో అల్లం ముక్క తెచ్చిచ్చి, "నమలండి, నా పాట వినేకన్నా ఇదే నయం" అన్నాడు. ఓడ లేకపోతే ఆ అల్లం ముక్కా లేదు.

ఆదివారం చర్చి నుంచి రాగానే కెలేరా కొబ్బరినూనె గిన్నె పట్టుకుని కోడలి వెనక కూర్చుంది. తల దువ్వడం మొదలుపెట్టింది.

"నువ్వు అమ్మేయమని రాస్తే నాకు వాడుంటాడు" అంది. "నువ్వుండవు."

"మీకు తెలీదు కదా అత్తయ్యా. తెలియనిదానికి ఏడుపేముంటుంది?"

"నీకు తెలుస్తుందిగా."

వాసితి ఒళ్ళోకి రాలిన వెంట్రుక తీసి వేలికి చుట్టుకుంది.

"నేను అడగను" అంది కెలేరా. "రాయమని అడిగితే నిన్ను తోసేసినట్టు. వద్దంటే వాణ్ణి నేనే ముంచినట్టు. నన్నేమీ అనమనకు." దువ్వెన మళ్ళీ పైనుంచి దింపుతూ, "ఈ జుట్టుకి ఎంత నూనె పోసినా తాగేస్తుంది, ఇసకలాగా" అని విసుక్కుంది. చెయ్యి మాత్రం ఆపలేదు.

"నేను లేకపోతే మీ మోకాళ్ళకి మందు ఎవరు రాస్తారు?"

"నా కొడుకు రాస్తాడు. వాడికి రాదు, మోటు చేతులు. అయినా రాస్తాడు."

అది అన్నాక గాని, తను అడిగేశానని ఆవిడకి తెలియలేదు. నూనె చేత్తోనే నోరు మూసుకుంది. వాసితి వెనక్కి తిరిగి ఆ చెయ్యి పట్టుకుని, తన చెంపకి ఆనించుకుంది.

అమ్మేయమని ఊరికే రాస్తే కుదరదు. చుట్టం రాసినట్టే చేస్తాడు గాని, కారణం లేని సలహాని చుట్టాలు పట్టించుకోరు. ఆ కారణం కేసులోంచే రావాలి. వాసితి బలాలు ఒకవైపు, బలహీనతలు ఒకవైపు మళ్ళీ రాసింది. బలాల్లో అందరూ మొదట రాసేది 'పోటీ లేదు' అన్న మాట. దాన్ని చాలాసేపు చూసింది. కొట్టేసింది. రెండోవైపు రాసింది.

బుధవారం పొద్దున రొపాటెకి చదివి వినిపించింది. "కొరోలో మనిషికి ఇంకో ఓడ లేదు. కొబ్బరి కుళ్ళినా, పంది చచ్చినా, పిల్లలు బడికి ఆలస్యమైనా మీ ఓడే ఎక్కాలి. ఇంకో దారి లేనివాడు ఫిర్యాదు చెయ్యడు. ఫిర్యాదు రాకపోతే అంతా బాగుందని మీరనుకుంటారు. మీ ఓడ ఎలా ఉందో మీకు చెప్పేవాడే లేడు. మీ లాభం దీనివల్లే వస్తోంది, మీకు నిద్ర పట్టనిదీ దీనివల్లే. ఓడ అమ్మండి. తుక్కుకి అమ్మండి, ఇంకొకరు నడపకుండా. దీవులకి సరుకు పంపే పని మాత్రం అట్టిపెట్టుకుని, వేరేవాళ్ళ ఓడలో చోటు కొనుక్కోండి."

రొపాటె తిండి వేళ కాకపోయినా కిటికీ వదిలి వచ్చి చాప మీద కూర్చున్నాడు.

"నా మనుషులో? వాళ్ళ ఉద్యోగాలు?"

"పోతాయి."

"ఆ పాటలవాడు కొత్తగా చేరాడు తల్లీ. తిట్టుకుంటాడు నన్ను."

"తిట్టనివ్వండి" అంది వాసితి. కాగితాలు సర్ది పిన్ను గుచ్చింది. "బాగా తిట్టనివ్వండి."

బయల్దేరేముందు కెలేరా కోడలికి తన మంచి గొడుగు ఇచ్చింది. గుమ్మం దాటాక కూడా ఏదో ఒకటి చెబుతూనే ఉంది. కాలవ గట్టు జారుతుంది చూసుకో, కొట్లోవాళ్ళు జీతం సరిగ్గా ఇవ్వకపోతే ఊరుకోకు, రాత్రి తల తడితో పడుకోకు. వాసితి వీధి మలుపు దాకా వెళ్ళి వెనక్కి చూసింది. ఆవిడ గుమ్మంలో చెయ్యి ఊపుతోంది. ఆవిడ వెనక కిటికీలో రొపాటె కూడా ఊపుతున్నాడు.

మాస్టారు కాగితాలు అందుకుని బల్ల మీద పెట్టాడు. వాసితి చేతిలో గొడుగు లేదు. ఆ సాయంత్రం ఆమె కాళ్ళు వేరే వీధికి నడిచాయి, తోరికావాళ్ళ వెనక గదికి. అక్కడ ఆమె బట్టలున్నాయి, ఒక్క కంచం ఉంది. తోరికా తలుపు దగ్గర ఆమె ముఖం చూసి, ఏదీ అడక్కుండా, టీకి నీళ్ళు పెట్టింది.

మార్కులు రెండు వారాలకి వచ్చాయి. సంత పక్కన బస్టాండులో బల్ల మీద కూర్చుని విప్పింది. ఎర్ర సిరాతో మాస్టారు రాశాడు: 'వాదన ఆసక్తిగా ఉంది. కాని లాభంలో ఉన్న ఓడని అమ్మించడానికి ఆధారమేదీ చూపలేదు. లెక్కల ప్రకారం ఓడ ఇంకో ఆరేళ్ళు హాయిగా నడిచేది.' కింద అత్తెసరు మార్కులు.

"ఏంటమ్మా, తప్పావా?"

పక్కన ఒక ముసలావిడ. ఒళ్ళో నాలుగేళ్ళ మనవరాలు. కెలేరా ఇంతకు ముందుకన్నా కాస్త లావెక్కింది.

వాసితి చేత్తో కళ్ళు తుడుచుకుంది. "లేదండీ. గట్టెక్కాను. తక్కువొచ్చాయి, అంతే."

"దానికే అంత ఏడుపా? ఏం రాశావేంటి?"

"ఒకాయన్ని ఓడ అమ్మేయమని రాశాను."

"అయ్యో, ఆ మాట మాత్రం మా ఇంట్లో అనకు!" ఆవిడ పకపకా నవ్వింది. "మావాడు ఓడలోనే చేరాడు. చేరి నిండా ఏడాది కాలేదు, ఆ యజమాని అమ్మి పారేశాడు. ఎంత తిట్టుకున్నామో ఆ మనిషిని. ఇప్పుడు మున్సిపాలిటీ చెత్త లారీ నడుపుతాడు. కంపు కొడుతూ వస్తాడు సాయంత్రం. పెళ్ళాం గుమ్మంలోనే బకెట్టు నీళ్ళు పెడుతుంది."

"మీ మోకాళ్ళు ఎలా ఉన్నాయి?"

ఆవిడ వింతగా చూసింది. "నడక చూసి కనిపెట్టావా? నొప్పులే. మందు రాస్తాడు మావాడు, తోలు ఊడొచ్చేలాగ." అని వాసితి చేతిలో ఒక వేయించిన కర్రపెండలం ముక్క పెట్టింది. "తిను. ఏడ్చినవాళ్ళకి ఆకలేస్తుంది."

జనంలోంచి ఇసిరేలి వచ్చాడు. పొట్ట వచ్చింది. నుదుటి మీద జుట్టు పలచబడింది. ఆ జుట్టు పలచబడడం వాసితి ఎప్పుడూ చూడలేదు. అతను కూతుర్ని భుజం మీదికి ఎత్తుకున్నాడు.

"ఒరే, ఈ పిల్ల పరీక్షలో ఓడ అమ్మేయమని రాసి మార్కులు పోగొట్టుకుందిట" అంది తల్లి.

ఇసిరేలి ఆగాడు. ఆమె వైపు తిరిగి, ముఖమంతా నవ్వు చేసుకుని, "అయితే నా ఉద్యోగం ఊడగొట్టింది నువ్వేనన్నమాట అక్కా!" అన్నాడు.

"నేనే" అంది వాసితి.

అతనికి ఆ జవాబు భలే నచ్చింది. బస్సు మెట్లెక్కుతూ కూడా నవ్వుతూనే ఉన్నాడు, తల్లికి చెయ్యి అందిస్తూ, కూతురి తల తలుపుకి తగలకుండా అరచెయ్యి అడ్డం పెడుతూ. సీట్లో కూర్చున్నాక ఏదో పాట ఎత్తుకున్నాడు. ముందు సీట్లో ఆయన చెవులు మూసుకున్నాడు. వాసితి మాత్రం బస్సు మలుపు తిరిగేదాకా, ఆ తప్పు రాగం ఒక్క ముక్క కూడా పోనివ్వకుండా విన్నది.