పద్నాలుగు సెకన్ల వస్తాదులు

ఇది అబద్ధమనేవాళ్లు ఎవరైనా ఉంటే ఇప్పుడే లేచి నిలబడండి. తర్వాత గొణిగితే ఊరుకునేది లేదు.

పాత కార్లని నలిపి ముద్ద చేసే కార్ఖానా అది. రోలర్లు తిరగాలన్నా, ఆగాలన్నా కంప్యూటర్లో ప్రాంప్ట్ అనే నల్ల కిటికీ తెరిచి, అందులో గీత మెరిశాక ఆజ్ఞ కొట్టాలి. ప్రతి ఆజ్ఞకీ దాన్ని కొత్తగా తెరవాలన్నది మేనేజరు నియమం. భద్రతట! తెరిచిన ప్రతిసారీ పద్నాలుగు సెకన్లు. ఎందుకంటే అందులోని లైబ్రరీలు, అంటే తలా ఒక పని తెలిసిన నలభై మంది వస్తాదులు, తెరలోంచి ఒక్కొక్కరే దిగి, తొడ చరిచి, వరసలో నిలబడ్డాకగానీ గీత మెరిసేది కాదు. ఎప్పుడెవరు చేర్చారో, 'ఉంటే మంచిదే' అని ఒక్కొక్కరి పేరూ తెరవగానే దిగేవాళ్ల జాబితాలోకి ఎక్కింది. తీసేసిన పుణ్యాత్ముడు లేడు. వాళ్లు దిగుతుంటే జనం టిఫిన్ డబ్బాలు పక్కకి జరుపుకునేవారు, అంతే.

ఆ కార్ఖానాలో ప్రోగ్రాములు రాసేది ఒక వదిన. రోలర్ల దగ్గర పని ఆమె మరిదిది. పోయిన నెల ఆ పద్నాలుగు సెకన్లలోనే అతని జోడీదారు చెయ్యి మోచేతి దాకా నుజ్జయింది.

ఆ పొద్దున వదిన ప్రాంప్ట్ తెరిచింది. నలభై మందీ దిగారు.

"ఇకమీదట పిలిస్తేనే రండి," అంది.

"మేం వరసలో లేకపోతే నీ పరువేం కాను తల్లీ?" అన్నాడు మొదటివాడు, మీసం మెలేస్తూ. వాడిది బొమ్మలు గీసే పని.

"రోలర్ ఆపడానికి బొమ్మలెందుకురా?"

"ఆడదానివని ఊరుకుంటున్నా..."

మాట పూర్తికాలేదు. వదిన చేతిలోని మూరెడు స్పానరు వాడి దవడ పగలగొట్టింది. పన్నెండు పళ్లు రాలాయి. పదమూడోది ఎగిరి మేనేజరు గది అద్దం బద్దలుకొట్టింది! ఇద్దరు ఆమె జుట్టు పట్టుకున్నారు. ఒకణ్ణి మోకాలితో పొడిచింది, రెండోవాడి నెత్తిన ప్రింటరు వేసింది. నుదురు చిట్లి నెత్తురు కళ్లలోకి కారుతున్నా ఒక్కొక్కణ్ణీ మెడపట్టి తెరలోకి తోసి, జాబితాలో వాడి పేరు కొట్టేసింది. అలా ముప్ఫై తొమ్మిది మంది!

నలభయ్యోవాడు రోలర్లు ఆపేవాడు. బక్కప్రాణి. గోడకి అతుక్కుపోయాడు.

"కొట్టకు తల్లీ. నేనెప్పుడూ ఆఖరే. నా వంతు వచ్చేసరికి అంతా అయిపోయేది."

"ఇక నీకు వరస లేదురా. పిలవగానే రా."

వాడు తెరలోకి వెళ్లాడో లేదో, బయట కేక. "వదినా!" మరిది చొక్కా చెయ్యి రోలర్లకి చిక్కింది.

వదిన ప్రాంప్ట్ తెరిచింది. రెప్ప వాల్చేలోగా గీత మెరిసింది. 'ఆపు' అని కొట్టింది. బక్కవాడు తెరలోంచి బాణంలా దూసుకొచ్చి తన భుజాన్నే రోలర్ల మధ్యకి దోపాడు. ఎముకలు ఎండుపుల్లల్లా ఫటఫటమన్నాయి. రోలర్లు మూలిగి ఆగాయి. మరిదికి నాలుగు గోళ్లు ఊడాయి, చెయ్యి మిగిలింది.

"ఎంతసేపు పట్టింది తల్లీ?" అన్నాడు బక్కవాడు, పళ్లు బిగించి.

"సెకనులో పదోవంతు," అంది వదిన, వాడి భుజానికి గుడ్డ బిగించి కడుతూ.

"మొదటిసారి వేళకి వచ్చాను," అని వాడు నవ్వాడు.

ఇంకా అనుమానమా? క్రేన్ నడిపేవాణ్ణి అడగండి. అంతా పైనుంచి కళ్లారా చూశాడు. వాడి పేరు బొంగరం.